పన్నెండో నెల

మా ఇంటి వెనక వాటాలో అద్దెకుండేవాళ్ళు పదకొండు నెలలకోసారి ఇల్లు ఖాళీ చేసేవాళ్ళు. ఒక్క రోజుకి. మర్నాడు పొద్దున్నే మళ్ళీ అదే ఇంట్లో దిగేవాళ్ళు. ఈ మాట చెబితే కొత్తవాళ్ళు నవ్వుతారు. మా తిరువూరులోనూ నవ్వినవాళ్ళున్నారు. నేను మాత్రం ఈ తతంగాన్ని ఏనాడూ నవ్వులాటగా తీసుకోలేదు. ముప్పై ఏళ్ళు గవర్నమెంటు బడిలో పాఠాలు చెప్పినదాన్ని, నవ్వకుండా పనులు చేయించడం నాకు బాగా వచ్చు.

ఈ పద్ధతి పెట్టింది మా ఆయన. ఆయన భయానికి కారణం ఉంది. మా మామగారికి బస్టాండు దగ్గర చిన్న కొట్టు ఉండేది. దాన్ని ఒక దూరపు బంధువుకి ఇచ్చారు. ఆ బంధువు ఇక అక్కడినుంచి లేవలేదు. కోర్టుకెక్కితే ఏళ్ళ తరబడి వాయిదాలు నడిచాయి. మామగారు పోయాక తీర్పొచ్చింది, కొట్టు మాకు దక్కలేదు. మా ఆయన ఆ కేసంతా దగ్గరుండి చూసి ఒకే ఒక్క పాఠం నేర్చుకున్నారు: మనిషి పన్నెండేళ్ళు ఒకచోట కదలకుండా ఉంటే ఆ చోటు వాడిదైపోతుంది. అందుకని అద్దెకున్నవాణ్ణి ఎప్పటికప్పుడు కదపాలి.

దస్తావేజులు రాసే ఆయన అద్దె అగ్రిమెంటు పదకొండు నెలలకే రాస్తాడు. ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ చేయించాలి కాబట్టి ఊళ్ళో అందరూ అలాగే రాయించుకుంటారు. మా ఆయన ఈ రెండింటినీ కలిపి ముడేశారు. పదకొండు నెలలకి కాగితం గడువు తీరుతుంది కాబట్టి ఆ రోజుకి ఇల్లు కూడా నిజంగా ఖాళీ కావాలన్నారు. ఒక రాత్రి ఆ తలుపుకి మన తాళం పడాలి. అప్పుడే పన్నెండేళ్ళ లెక్క తెగి, మళ్ళీ ఒకటి నుంచి మొదలవుతుందన్నది ఆయన సిద్ధాంతం. ఎవర్నీ అడిగి తెలుసుకోలేదు. నేనూ అడగలేదు.

వెనక వాటాలోకి వచ్చినవాళ్ళు ముస్లింలు. ఇంటాయనది బస్టాండు పక్కన సీట్లు కుట్టే షాపు. విస్సన్నపేట, ఎ.కొండూరు తిరిగే షేర్ ఆటోల సీట్లు చాలావరకు ఆయన చేతుల మీదుగా వెళ్ళినవే. ఆయన, భార్య, ఇద్దరు చిన్నపిల్లలు, ఆయన తల్లి. నాకంటే పదిహేనేళ్ళు పెద్దావిడ, పెద్దమ్మగారూ అని పిలిచేదాన్ని. దిగేముందే మా ఆయన షరతు చెప్పారు. ఆ షాపాయన నవ్వి, "సరేనండి, ఏడాదికోసారి సామాను దులుపుకున్నట్టుంటుంది" అన్నాడు.

అలా పధ్నాలుగేళ్ళు దులుపుకున్నారు. ఆ రోజు తెల్లారేసరికి మంచాలు, బీరువా, గ్యాస్ పొయ్యి, రెక్సిన్ చుట్టలు అన్నీ మా వరండాలోకి వచ్చేసేవి. గదులు ఖాళీ అయ్యాక పెద్దమ్మగారు ఒక్కరే వెనక్కి వెళ్ళి మూలమూలా ఊడ్చి, అందరికంటే ఆఖర్న బయటికి వచ్చేవారు. అప్పుడు మా ఆయన లోపలికెళ్ళి ఒక్కో గదిలో నిలబడి చప్పట్లు కొట్టేవారు. గోడలు గట్టిగా తిరిగి పలికితే ఖాళీ అయినట్టు. తర్వాత మా తాళం. వాళ్ళు విస్సన్నపేటలో కోడలి అక్కగారింటికి వెళ్ళి ఆ రాత్రి ఉండి, మర్నాడు మొదటి ఆటోకి వచ్చేసేవాళ్ళు. కొత్త స్టాంపు కాగితం మీద సంతకాలయ్యాక పాలు పొంగించి, సేమ్యా పాయసం చేసి మాకు గిన్నెడు పంపేవాళ్ళు. పిల్లలు దాన్ని పండగల్లో ఒక పండగ అనుకున్నారు. అమ్మాయిల్లో చిన్నది ఒకసారి బళ్ళో టీచరు మీ పండగలేవో చెప్పమంటే రంజాన్, బక్రీద్, ఖాళీ చేసే రోజు అని చెప్పిందట.

పదకొండు నెలల లెక్క కాబట్టి ఆ రోజు ప్రతిసారీ ఒక నెల ముందుకి జరుగుతూ వచ్చేది. ఒకేడు వానల్లో పడి పరుపులు తడిశాయి. ఒకేడు పెద్దపిల్ల పరీక్షల ముందురోజు పడింది. ఒకేడు రంజాన్ నెలలో పడితే, ఉపవాసాలతో బీరువా మోస్తున్నవాళ్ళని చూసి మా ఆయన జాలిపడి, "పోనీ సాయంత్రం చల్లబడ్డాక మోసుకోండి" అన్నారు. అది ఆయన చూపించగలిగిన దయ. అప్పట్లో నాకు అది పెద్ద దయలాగే కనిపించింది.

మూడేళ్ళ కిందట ఆయన పోయారు. నేను పద్ధతి మానలేదు. పక్కింటావిడ ఒకసారి, "పాపం వాళ్ళకెంత ఇబ్బందో కదండీ" అంది. "కందకు లేని దురద కత్తిపీటకెందుకమ్మా" అని నోరు మూయించాను. నిజం చెప్పాలంటే నాకు భయం. ఒంటరి మనిషిని, పెన్షన్ తప్ప వేరే ఆధారం లేదు. ఉన్నదల్లా ఈ ఇల్లొక్కటే. అది చేజారుతుందేమోనని ఆయన పడ్డ భయాన్ని ఆయన కళ్ళజోడుతో పాటు నేను దాచుకున్నాను. గదుల్లో చప్పట్లు కూడా నేనే కొట్టేదాన్ని.

కిందటేడు ఎండలు ముదిరే రోజుల్లో పెద్దమ్మగారు అంట్లు తోముకునే చోట జారిపడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆ వయసులో ఆపరేషన్ వద్దు, కదపకుండా చూసుకోండని బెజవాడలో డాక్టర్లు చెప్పి పంపేశారు. కిటికీ పక్క మూలలో ఆవిడ ఇనప మంచం ఉండేది. ఇక ఆవిడ లోకమంతా ఆ మంచమే అయింది. ఖాళీ చేసే రోజుకి ఇంకో పది రోజులుందనగా కొడుకు వచ్చి మా వరండా మెట్టు దగ్గర నిలబడ్డాడు.

"టీచర్‌గారూ, ఈసారి ఆ ఒక్కరోజు మానేద్దామండీ. అమ్మ కదల్లేకపోతుందండి. కాగితం మీద సంతకం ఎప్పట్లాగే పెట్టేస్తానండి."

"నిన్ను నమ్మక కాదు బాబూ. పద్ధతి పద్ధతే కదా."

ఆయన తలొంచుకుని నిలబడ్డాడు. బడిలో పరీక్ష ఫీజు కట్టలేని పిల్లాడి తండ్రి అలా నిలబడితే నేను ఏదో ఒకటి సర్దేదాన్ని. ఇప్పుడూ సర్దాను.

"సరే, సామానంతా అక్కడే ఉండనీ. మనుషులు మాత్రం బయటికి రావాలి. పెద్దమ్మగారిని మా హాల్లో పడుకోబెడదాం. ఆ ఒక్కరోజూ నేను చూసుకుంటాను."

"అలాగేనండి" అని వెళ్ళిపోయాడు.

సామాను ఉన్నా ఫర్వాలేదు, మనుషులుంటే మాత్రం లెక్క తెగదని ఏ చట్టంలో ఉంది? ఎక్కడా లేదు. ఆ చట్టం నేనే వరండాలో కుర్చీలో కూర్చుని అప్పటికప్పుడు చేశాను. చేసి, ఎంతో ఉదారంగా ప్రవర్తించానని ఆ పూట తృప్తిగా భోంచేశాను కూడా.

ఆ రోజు వచ్చింది. ప్రతిసారీ ఆ మంచాన్ని ఒక పక్కకి వంచి గుమ్మం దాటించేవాళ్ళు. మనిషి పడుకుని ఉండగా వంచడం కుదరదు. ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి ఆవిణ్ణి అందులోకి దింపి, కొడుకు ఒక పక్క, అతని బావమరిది ఒక పక్క పట్టుకుని లేపారు. గుమ్మం దగ్గర ఆవిడ కాలు తలుపు రెక్కకి తగిలింది. "యా అల్లా" అని ఒక్క కేక పెట్టారు. నేను మా మెట్ల మీద నిలబడి "జాగ్రత్త, జాగ్రత్త" అంటున్నాను. వాళ్ళ గుమ్మం నుంచి మా హాలుకి గట్టిగా ఇరవై అడుగులు లేవు. ఆ ఇరవై అడుగులూ దాటేసరికి ఆవిడ పెదాలు తెల్లబడ్డాయి. కోడలు ఏడుపు కనబడకుండా కొంగు అడ్డం పెట్టుకుంది.

మా హాల్లో దివాన్ మీద పడుకోబెట్టాం. పిల్లలు విస్సన్నపేట వెళ్ళారు, కొడుకు షాపుకి, కోడలు మందులకి. మధ్యాహ్నం నేనూ ఆవిడా మిగిలాం. మామిడిపండు కోసి ముక్కలు నోటికందించాను. రెండు ముక్కలు తిని చాలన్నారు. కాసేపు గోడ మీది బైబిల్ వాక్యం క్యాలెండర్ వంక చూసి నావైపు తిరిగారు.

"టీచరమ్మా, ఒక మాట అడగనా?"

"అడగండి పెద్దమ్మగారూ."

"పన్నెండో నెలలో ఏమవుద్దమ్మా?"

ఎకసెక్కానికి అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగారు. నేను మామగారి కొట్టు సంగతి మొదలుకొని పన్నెండేళ్ళ సంగతి దాకా, ఏడో తరగతి పిల్లలకి చెప్పినట్టు విడమరిచి చెప్పాను. ఆవిడ అంతా విన్నారు.

"అద్దెకుండేవోళ్ళం కదమ్మా, పెళ్ళయిన కాణ్ణుంచీ అద్దిళ్ళే. రెడ్డిగూడెంలో ఉన్నాం, ఎ.కొండూరులో ఉన్నాం. లేచిపొమ్మన్నోళ్ళే గానీ మళ్ళీ రమ్మన్నోళ్ళు లేరు. మీరు లేచిపొమ్మని, పొద్దున్నే రమ్మన్నారు. మీ ఇంటి మీద నాకేం కోపం లేదమ్మా." కాసేపు ఊపిరి తీసుకున్నారు. "కాకపోతే ఒక్కసారి, లేవకుండా ఏడాది నిండా ఒకే ఇంట్లో ఉండి చూడాలని ఉండేది. ఇల్లు తీసుకుంటానికి కాదమ్మా. ఊరికే."

ఆ క్షణంలోనే కొడుకుని పిలిచి, ఆవిణ్ణి మెల్లగా తీసుకెళ్ళి పడుకోబెట్టమని, ఇంకెప్పుడూ లేపొద్దని చెప్పాల్సింది. అది చెయ్యకుండా, మారాం చేసే పిల్లలకి చెప్పినట్టు, "వచ్చేసారి చూద్దాం లెండి" అన్నాను. ఆవిడ చిన్నగా నవ్వి కళ్ళు మూసుకున్నారు. వచ్చేసారి ఉంటుందని నేనే అనుకున్నాను గానీ ఆవిడ అనుకోలేదనిపిస్తుంది ఇప్పుడు.

మర్నాడు మళ్ళీ అదే కుర్చీలో మోసుకెళ్ళారు. కొత్త కాగితం మీద సంతకాలయ్యాయి. పాయసం కూడా వచ్చింది.

ఆ గడువులో ఎనిమిదో నెల నడుస్తుండగా పెద్దమ్మగారు పోయారు. ఛాతీలో నెమ్ము చేరిందన్నారు డాక్టర్లు. ఎముక వల్లా కాదు, కదపడం వల్లా కాదు. నేను వెళ్ళి ఆడవాళ్ళ మధ్య కూర్చున్నాను. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. పైగా కోడలు నాకు కుర్చీ వేయించింది, కింద కూర్చుంటే మోకాళ్ళు నొప్పిపుడతాయని. ఆ కుర్చీని గుర్తుపట్టాను.

అప్పట్నుంచి "పన్నెండో నెలలో ఏమవుద్దమ్మా" అన్న ప్రశ్న నన్ను వదల్లేదు. విడమరిచి జవాబు చెప్పాను గానీ, అది సరైన జవాబేనా? ముప్పై ఏళ్ళు పిల్లల్ని "బట్టీ పట్టకండి, ఎందుకని అడగండి" అని సతాయించినదాన్ని, నా ఇంటి సంగతి ఏనాడూ ఎందుకని అడగలేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆవిడ పోయిన నెలకి కోర్టు దగ్గర లాయరమ్మ దగ్గరికి వెళ్ళాను. ఒకప్పుడు నా దగ్గర చదువుకున్న పిల్లే. నేను చెప్పిందంతా విని పెన్ను కింద పెట్టేసింది.

"నెలనెలా అద్దె తీసుకుని రసీదు ఇస్తున్నారు కదండీ టీచర్‌గారూ?"

"ఇస్తున్నాను."

"అద్దె ఇస్తున్నాడంటే ఇల్లు మీదేనని నెలనెలా ఒప్పుకుంటున్నట్టేనండి. అలాంటాయన పన్నెండేళ్ళు కాదు, ఇరవై నాలుగేళ్ళు కదలకుండా ఉన్నా ఇల్లు ఆయనది కాదు. గడువు తీరితే కాగితం మార్చుకుంటే చాలండి. మనిషిని కదపక్కర్లేదు."

"మరి మా మామగారి కొట్టు ఎలా పోయింది?"

ఆ పిల్ల ఒక్కొక్కటే అడిగింది. అగ్రిమెంటు ఉందా? లేదు. అద్దె తీసుకునేవారా? బంధువని ఊరికే ఇచ్చారు. పన్ను ఎవరి పేరున కట్టేవారు? ఆ బంధువు పేరునే.

"అందుకండీ పోయింది. ఆయన అది తనదేనని అందరూ చూస్తుండగా అనుభవించాడు. కాదనడానికి మీవాళ్ళ దగ్గర ఒక్క కాగితం లేదు. కొట్టు పోయింది కాగితం లేకనండి. ఆయన కదలక కాదు."

రోగం ఒకటి, మందు ఒకటి. మా ఆయన మీద కోపం వచ్చింది. కోర్టులో అన్ని వాయిదాలకి తిరిగిన మనిషి, ఎందుకు ఓడిపోయామో తెలుసుకోకుండా వచ్చారా అని. కానీ ఆయన పోయి మూడేళ్ళు. ఆ కుర్చీ మోయించింది ఆయన కాదు, నేను.

లేవబోతుంటే లాయరమ్మ ఇంకో మాట అడిగింది. "ఆ ఒక్కరోజు మేం బయటికి రామని వాళ్ళు మొండికేస్తే ఏం చేసేవారండీ?"

"తాళం వేసేదాన్నేమో."

"వేస్తే కేసు మీ మీదే పడేదండి" అంది నవ్వుతూ. ఇన్నేళ్ళూ వాళ్ళు నా మాట మన్నించబట్టి ఆ పని జరిగింది తప్ప, మరే చట్టమూ వాళ్ళని లేపలేదన్నమాట.

తిన్నగా బస్టాండు దగ్గర పెద్దమ్మగారి కొడుకు షాపుకే వెళ్ళాను. ఆటో సీటుకి నల్ల రెక్సిన్ కుడుతున్నాడు. ఇక నుంచి ఖాళీ చెయ్యక్కర్లేదని, అది చట్టంలో ఎక్కడా లేదని, ఇన్నేళ్ళూ అనవసరంగా మిమ్మల్ని లేపానని చెప్పాను. తప్పు నాదే బాబూ అని కూడా అన్నాను. అంత మాట నేను పెద్దగా ఎవరితోనూ అనలేదు జీవితంలో. ఆయన మిషన్ తొక్కడం ఆపాడు.

"అమ్మ ఉన్నప్పుడు తెలిసుంటే బాగుండేదండి" అన్నాడు.

పెద్దమ్మగారు నన్ను అడిగిన మాట చెప్పాను. ఏడాది నిండా ఒకే ఇంట్లో ఉండి చూడాలన్నారని.

"మాకు చెప్పలేదండి ఎప్పుడూ" అని మళ్ళీ మిషన్ తొక్కడం మొదలుపెట్టాడు. నేను వచ్చేశాను.

ఈ ఏడు గడువు తీరే రోజు పొద్దున్నే వెనక నుంచి మంచాలు జరిపే చప్పుడు వినబడింది. అలవాటు కొద్దీ మొదలెట్టారేమో అనుకుని గబగబా వెళ్ళాను.

"చెయ్యక్కర్లేదని చెప్పాను కదా బాబూ."

సామాను మా వరండాలోకి రావడం లేదు. గేటు బయట ట్రాలీ ఆటోలోకి ఎక్కుతోంది.

"ఈసారి నిజంగానే ఖాళీ చేస్తున్నామండి టీచర్‌గారూ. విస్సన్నపేట రోడ్డులో మా తోడల్లుడుగారిచ్చిన స్థలంలో రేకులతో రెండు గదులు వేసుకున్నామండి."

"ముందుగా ఒక్క మాట చెప్పొచ్చు కదయ్యా."

"కాగితంలో ఇవాళ్టి దాకే రాసుంది కదండీ" అన్నాడు. ఎత్తిపొడుపు లేదు. పదిహేనుసార్లు నేనో మా ఆయనో చదివి వినిపించిన కాగితం అది, ఆయనకి బాగానే వచ్చింది. నాకు అడగడానికి హక్కు మిగల్లేదు.

"ఎప్పుడు మొదలుపెట్టారు కట్టడం?"

"అమ్మని కుర్చీలో మోసిన నెల్లోనే పునాదులు తీశామండి. మళ్ళీ గడువు వచ్చేలోపు అమ్మని అక్కడ పడుకోబెడదామనుకున్నాం." రెక్సిన్ చుట్ట భుజం మీద సర్దుకున్నాడు. "అవ్వలేదండి."

చివరి మూట ఎక్కాక కోడలు వెనక్కి వెళ్ళి గదులు ఊడ్చింది, అత్తగారు ఊడ్చినట్టే మూలమూలా. బయటికి వచ్చి చీపురు పక్కన పెట్టి, "చూసుకోండి టీచర్‌గారూ" అంది.

లోపలికి వెళ్ళాను. కిటికీ పక్క మూలలో సిమెంటు గచ్చు మీద పెద్దమ్మగారి మంచం కోళ్ళు చేసిన గుంటలు కనిపించాయి. వంగి చూశాను. నాలుగే ఉన్నాయి. పధ్నాలుగేళ్ళలో ఆ మంచం ఎన్నిసార్లు బయటికి వెళ్ళి వచ్చిందో, అన్నిసార్లూ ఆవిడ దగ్గరుండి దాన్ని అవే గుంటల్లో దింపించుకున్నారు. చప్పట్లు కొట్టడానికి నాకు చేతులు రాలేదు. పోతుందని నేను భయపడ్డ ఇల్లు గోడలతో, కిటికీతో, ఆ నాలుగు గుంటలతో సహా నాదే.

బయటికి వచ్చేసరికి ఆయన తాళంచెవి పట్టుకుని గుమ్మం పక్కన నిలబడి ఉన్నాడు.

"అంతా ఖాళీయే కదండీ?"

"ఖాళీయే బాబూ" అన్నాను.